వదిలేస్తే పరిశోధకుడు తయారవడు

టెల్కో అన్న కంపెనీ పేరు 2003లో టాటా మోటార్స్‌గా మారింది. జంషెడ్‌పూర్‌లో టెల్కో కాలనీ పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది. 1945లో రైలింజన్ల కోసం మొదలై, 1954 నుంచి లారీలు చేస్తున్న కార్ఖానా అది. దాని చుట్టూ అల్లుకున్న కాలనీలో అప్రెంటిస్ అన్న మాట తెలియని ఇల్లు ఉండదు. ఫిట్టర్ పని నేర్చుకోవడానికి చేరిన కుర్రాడికి మొదటి రోజే ఇంజను అప్పగించరు. బల్లకు బిగించిన వైస్‌లో ఒక ఇనుప దిమ్మ పెట్టి, చేతికి ఆకురాయి ఇచ్చి, చదును చెయ్యమంటారు. చదును అయిందో లేదో చూడాలంటే దిమ్మకు ట్రై స్క్వేర్ ఆనించి వెలుతురుకేసి పట్టుకోవాలి. సందులోంచి సన్నని వెలుగు గీత కనబడితే పని ఇంకా ఉన్నట్టే, మళ్లీ అరగదీయాల్సిందే. మొదట్లో ఇన్‌స్ట్రక్టర్ పక్కనే నిలబడి మోచెయ్యి ఎలా కదలాలో సరిదిద్దుతాడు. కొన్ని వారాలయ్యాక వెనక నిలబడి చూస్తాడు. ఆ తర్వాత డ్రాయింగ్ చేతికిచ్చి వెళ్లిపోయి, సాయంత్రం వచ్చి కొలతలు చూస్తాడు. ఎప్పుడు దగ్గరుండాలో, ఎప్పుడు పక్కకు తప్పుకోవాలో తెలిసినవాడే మంచి ఇన్‌స్ట్రక్టర్.

ఈ ఊరికి ఈ సంగతి నూరేళ్ల కిందటే తెలుసు. టాటా ఉక్కు కర్మాగారంలో 1912లో మొదటి ఉక్కు దిమ్మ తయారైనప్పుడు కీలకమైన పనులు విదేశీ నిపుణుల చేతుల్లో ఉండేవి. ఆ స్థానాల్లోకి మనవాళ్లు రావాలని 1921లో జంషెడ్‌పూర్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. పక్కన నిలబడి చూస్తూ ఉంటే కుర్రాళ్లు వాళ్లంతట వాళ్లే నేర్చుకుంటారులే అని యాజమాన్యం ఊరుకోలేదు. ఇప్పుడు అదే ఊళ్లో, బర్మామైన్స్‌లో 1950 నుంచి నేషనల్ మెటలర్జికల్ లేబొరేటరీ ఉంది. ఖర్కాయి నది అవతల ఆదిత్యపూర్‌లో ఎన్‌ఐటీ ఉంది. రెండుచోట్లా పీహెచ్‌డీ విద్యార్థులున్నారు. దేశంలోని ఏ విశ్వవిద్యాలయాన్ని తీసుకున్నా, హైదరాబాద్ అయినా విశాఖపట్నం అయినా, ఒక ప్రశ్న అడగాలి. ఆకురాయి పట్టే కుర్రాడికి దక్కుతున్నపాటి క్రమమైన శిక్షణ, దేశంలో అత్యున్నతమైన డిగ్రీ కోసం చదివే విద్యార్థికి దక్కుతోందా? దక్కడం, దక్కకపోవడం చాలావరకు ఏ గైడు దొరికారన్న అదృష్టం మీదే ఆధారపడి ఉందని నా అభిప్రాయం. స్వతంత్ర పరిశోధకుణ్ని పనిగట్టుకుని తయారుచేయాలి. అలా తయారుచేయడం ఒక విద్య. ఆ విద్యను గైడులకు నేర్పాలి, నేర్చి చేసినవారికి గుర్తింపు ఇవ్వాలి.

ముందుగా, స్వతంత్రం అంటే ఏమిటో తేల్చుకోవాలి. డిగ్రీ చేతికొచ్చిన రోజున ఒక మనిషి ఏం చేయగలిగితే అతన్ని స్వతంత్ర పరిశోధకుడు అనవచ్చు? అడగదగిన ప్రశ్నను తానే పట్టుకోగలగాలి. తన ఫలితం తప్పయితే ఇతరులు చెప్పకముందే తనకు అనుమానం రావాలి. దారి మూసుకుపోయినప్పుడు వెనక్కి తిరిగే ధైర్యం ఉండాలి. ఇవేవీ కోర్సువర్కులో రావు. ఒక పెద్ద పరిశోధకుడి పక్కన కూర్చుని, ఆయన ఎలా ఆలోచిస్తున్నారో చూస్తూ, తన ఆలోచనను ఆయన ముందు పెట్టి దెబ్బలు తింటూ నేర్చుకోవాలి. థీసిస్ అధ్యాయం ఒకటి గైడు దగ్గరి నుంచి వెనక్కి వచ్చినప్పుడు మార్జిన్‌లో ఏముందో చూడండి, ఆ గైడు ఎలాంటివారో తెలిసిపోతుంది. ఒక ప్రతి మీద ‘మళ్లీ రాయండి’ అని ఒక్క ముక్క ఉంటుంది. ఇంకోదాని మీద వాక్యాలన్నీ గైడే తిరగరాసి ఉంటారు. మూడో ప్రతిలో గ్రాఫు పక్కన పెన్సిలుతో, ‘నాలుగో బిందువు గీతకు ఇంత ఎడంగా ఎందుకుంది? పరికరం తప్పా, పదార్థమే అలా ప్రవర్తిస్తోందా? తేల్చడానికి ఏ ప్రయోగం చేస్తావు?’ అని ఉంటుంది. మొదటి గైడు వదిలేశారు. రెండో గైడు విద్యార్థి పనిని తానే చేసేశారు. మూడో గైడు మాత్రమే నేర్పారు. మన దగ్గర తరచూ వినిపించే ఫిర్యాదు ఏమిటంటే, మొదటి ఇద్దరూ ఒకే మనిషిలో ఉంటారు. నాలుగేళ్లు పట్టించుకోరు, గడువు ముంచుకొచ్చాక ఆరు నెలలు పెన్ను లాక్కుంటారు.

‘నిజమైన ప్రతిభ ఉన్నవాడికి ఎవరి ఊతమూ అక్కర్లేదు’ అన్నది దీనికి వచ్చే మొదటి అభ్యంతరం. చాలామంది గణాంకశాస్త్రవేత్త సి.ఆర్.రావుగారి పేరే ఉదాహరణగా చెబుతారు. నిజమే, కేంబ్రిడ్జిలో ఆయనకు గైడుగా ఉన్న ఆర్.ఎ.ఫిషర్ పరిశోధనాంశం ఇవ్వలేదు. సమస్యను నువ్వే వెతుక్కోవాలని షరతు పెట్టి, తన జన్యుశాస్త్ర ప్రయోగశాలలో ఎలుకల మీద పని అప్పగించారు. 1948లో రావుగారికి పీహెచ్‌డీ వచ్చింది. అయితే ఫిషర్ దగ్గరికి వెళ్లేనాటికి ఆయన ఎక్కడున్నారో కూడా చూడాలి కదా. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసి 1941లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, ఆ సంస్థ వ్యవస్థాపకుడు మహలనోబిస్ నీడలో అయిదేళ్లు పనిచేశారు. అసలైన సర్వేల లెక్కలతో కుస్తీ పట్టారు. పాఠాలు చెప్పారు. ఒకరోజు తరగతిలో వి.ఎం.దండేకర్ అనే విద్యార్థి, ఫిషర్ చెప్పిన సూత్రం పెద్ద శాంపిళ్లకే వర్తిస్తుందా, చిన్నవాటికీ ఏదైనా ఉందా అని అడిగారు. తర్వాత పేదరికం మీద పరిశోధనతో పేరు తెచ్చుకున్న ఆర్థికవేత్త దండేకరే ఆయన. రావుగారు ఆ ప్రశ్నను తోసిపుచ్చలేదు. ఆ రాత్రి కూర్చుని జవాబు సాధించారు. 1945లో అచ్చయిన ఆ ఫలితమే క్రామెర్-రావు అసమానతగా నేడు ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాల్లో ఉంది. అంటే ఫిషర్ చేతికి వచ్చినవాడు అప్పటికే తన కాళ్ల మీద నిలబడిన మనిషి. అలాంటి మనిషికి ‘వెతుక్కో’ అనడం గౌరవమే. నిన్నగాక మొన్న ఎమ్మెస్సీ పూర్తిచేసి ల్యాబులో అడుగుపెట్టిన అమ్మాయికి అదే మాట చెబితే, ఈత రానివాణ్ని బావిలోకి తోసినట్టే.

1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ అనే మనస్తత్వవేత్తలు, చెక్క దిమ్మలు పేర్చడం నేర్చుకుంటున్న చిన్నపిల్లలకు పెద్దవాళ్లు ఎలా సాయపడతారో గమనించి, ఆ సాయానికి పరంజా అనే పోలిక పెట్టారు. పరంజాను గోడ ఎత్తును బట్టి కడతారు, గోడ గట్టిపడ్డాక విప్పేస్తారు. విప్పకపోతే ఇల్లు ఇల్లు కాదు, ముందే విప్పితే గోడ కూలుతుంది. సి.ఆర్.రావుగారు గైడు స్థానంలోకి వచ్చాక ఏం చేశారో చూస్తే ఈ పోలిక ఇంకా బాగా అర్థమవుతుంది. 1959లో ఎస్.ఆర్.శ్రీనివాస వరదన్ అనే కుర్రాడు ఆయన దగ్గర విద్యార్థిగా చేరాడు. మొదట పరిశ్రమల్లో నాణ్యతకు సంబంధించిన గణాంకాల వైపు వెళ్లి, కొన్నాళ్లకే అది తనకు సరిపడదని గ్రహించాడు. అక్కడే ఉన్న కె.ఆర్.పార్థసారథి, వి.ఎస్.వరదరాజన్, ఆర్.రంగారావుల సావాసంలో సంభావ్యతా సిద్ధాంతంలోకి మళ్లాడు. ఎంతోమంది గైడులకు ఇది ధిక్కారంగా కనిపించేది. ‘నా దగ్గర చేరి వాళ్లతో పనిచేస్తావా’ అనే మాట మన విశ్వవిద్యాలయాల్లో కొత్తది కాదు. రావుగారు అడ్డుపడలేదు. అంతటితో చేతులు దులుపుకోనూ లేదు. ఆ థీసిస్‌ను ఆ రంగంలో ప్రపంచంలోనే అగ్రగణ్యుడైన కోల్మోగొరోవ్ పరీక్షించేలా చూశారు. వరదన్‌కు 2007లో గణితంలో ఇచ్చే ఏబెల్ బహుమతి వచ్చింది. విద్యార్థి ఎటు వెళ్లాలో గైడు నిర్ణయించలేదు, కానీ అతను ఎంత ఎత్తున నిలబడి లెక్క చెప్పుకోవాలో నిర్ణయించారు. ఊతం ఇవ్వడమంటే ప్రమాణం తగ్గించడమని అనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి జవాబు లేదు. కోల్మోగొరోవ్ ముందు నిలబెట్టిన గైడును మెతకమనిషి అని ఎవరంటారు?

జంషెడ్‌పూర్‌కు సొంతమైన ఉదాహరణ కూడా ఉంది. 1992 నుంచి 2002 వరకు నేషనల్ మెటలర్జికల్ లేబొరేటరీకి డైరెక్టర్‌గా ఉన్న పాచ్చా రామచంద్రరావుగారిది కృష్ణా జిల్లా కౌతవరం. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో టి.ఆర్.అనంతరామన్ దగ్గర పరిశోధన చేసి 1968లో డాక్టరేట్ పొందారు. పరిశోధన నడుస్తుండగానే, 1964 నుంచే, అక్కడ అధ్యాపకుడు కూడా. కరిగిన లోహాన్ని ఒక్కసారిగా చల్లార్చితే దాని లోపలి అమరిక ఎలా మారుతుందన్న ఆ విషయం మన దేశానికి అప్పటికి చాలా కొత్త. విద్యార్థిగా ఉన్నప్పుడే బోధన బాధ్యత కూడా మీద పడితే, తనకు తెలిసిందేమిటో తెలియనిదేమిటో రోజూ తేల్చుకోక తప్పదు. 1984 చివర్లో షెక్ట్‌మన్ బృందం, స్ఫటికశాస్త్రంలో అసాధ్యమనుకున్న క్వాసీక్రిస్టల్స్‌ను ప్రకటించి ప్రపంచాన్ని నిర్ఘాంతపరిచింది. ఏడాది తిరక్కుండానే రామచంద్రరావు, జి.వి.ఎస్.శాస్త్రి ఇద్దరూ మెగ్నీషియం మిశ్రలోహంలో అలాంటి పదార్థాన్ని తయారుచేసి, ఎక్కడెక్కడ వెతికితే మరికొన్ని దొరుకుతాయో చెప్పే ఒక ఆధారాన్ని కూడా 1985లో ప్రచురించారు. అంత త్వరగా రంగంలోకి దూకగలిగారంటే, అంతకు రెండు దశాబ్దాల ముందు ఒక గైడు ఓపికగా కట్టిన విభాగమే కారణమని నేను నమ్ముతాను. ఆ విభాగంలోనే విద్యార్థిగా మొదలైన మనిషి 2002లో ఆ విశ్వవిద్యాలయానికే వైస్ ఛాన్సలర్ అయ్యారు.

దీన్ని రెండోవైపు నుంచీ చూడాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించారు, 1930లో అక్కడే పీహెచ్‌డీ పొందారు. ఆ సంస్థలో ఆయనకు స్థిరమైన స్థానం దొరకలేదు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలను ఫిస్కే వెలుగులోకి రానివ్వకపోవడంతో వాటిని ఇతరులు ఏళ్ల తర్వాత మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందని, వారిద్దరినీ ఎరిగిన నోబెల్ గ్రహీత జార్జ్ హిచింగ్స్ తర్వాతి కాలంలో అన్నారు. ఫిస్కే మనసు మీద తీర్పు చెప్పడం ఇక్కడ అనవసరం. పెద్దవారి నీడ దాటడానికి ఒక మనిషికి ఎంతకాలం పట్టిందన్నదే లెక్క. 1940లో సుబ్బారావు లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు. అక్కడ తన బృందాన్ని తానే నడిపిన ఎనిమిదేళ్లలోనే ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ వెలుగు చూశాయి. 1948లో ఆయన చనిపోయారు. ఎనిమిదేళ్లకు బదులు ఇరవై ఏళ్లు ఆ స్వేచ్ఛ దొరికి ఉంటే అనిపించకమానదు.

ఇప్పుడు పెద్దవాళ్ల కథలు పక్కనబెట్టి సాధారణ విద్యార్థుల దగ్గరికి వద్దాం. ఉన్నత విద్యపై కేంద్రం జరిపే సర్వే ప్రకారం 2014-15లో దేశంలో పీహెచ్‌డీ విద్యార్థులు 1.17 లక్షల మంది. 2021-22కు 2.12 లక్షలయ్యారు. ఏడేళ్లలో సంఖ్య రెట్టింపుకు దగ్గరైంది. గైడులను తయారుచేసే ఏర్పాటు మాత్రం అదే వేగంతో పెరగలేదు, అసలు అలాంటి ఏర్పాటంటూ ఉందా అన్నదే సందేహం. 2022 నవంబరులో యూజీసీ తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనలు చదవండి. ప్రొఫెసర్ ఎనిమిది మందిని, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురిని, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురిని మించి తీసుకోకూడదు. గైడుకు పీహెచ్‌డీ ఉండాలి, హోదాను బట్టి కనీసం అయిదు లేదా మూడు పరిశోధన పత్రాలు ఉండాలి. విద్యార్థి మాత్రం కోర్సువర్కు చేయాలి, ప్రతి సెమిస్టరులో పరిశోధన సలహా సంఘం ముందు పని చూపించాలి, బోధనలోనూ తర్ఫీదు పొందాలి. ఇవి మంచి నిబంధనలే. మహిళలకు అదనంగా రెండేళ్ల గడువు, 240 రోజుల ప్రసూతి సెలవు ఇవ్వడమూ మంచిదే. కానీ గైడు కాబోయే మనిషికి ఒక్కరోజు శిక్షణ కావాలన్న అర్హత అందులో లేదు. బడిపిల్లలకు పాఠం చెప్పాలంటే బీఈడీ అడిగే దేశం ఇది. పరిశోధన చేయడం వచ్చు కాబట్టి చేయించడమూ వచ్చేస్తుందని ఇక్కడ మాత్రం అనుకుంటున్నాం. గైడు తాను విద్యార్థిగా ఉన్నప్పుడు ఎలాంటి పోషణ పొందారో, లేదా ఎలాంటి నిర్లక్ష్యానికి గురయ్యారో, దాన్నే తర్వాతి తరానికి అప్పగిస్తున్నారు.

‘గైడులకు తీరిక ఎక్కడిది?’ అన్నది నిజాయతీగల అభ్యంతరం. పాఠాలు, పరీక్ష పేపర్లు, అక్రిడిటేషన్ ఫైళ్లు, ఖాళీగా ఉన్న పోస్టుల భారం అన్నీ కలిసి మీద పడుతున్నాయి. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. అందుకే మార్గదర్శనాన్ని బోధన గంటల్లో లెక్కవేయాలంటున్నాను. వారానికి ఒక విద్యార్థికి ఒక గంట అనుకుంటే, ఎనిమిది మందికి ఎనిమిది గంటలు. అది టైంటేబుల్‌లో కనిపించాలి. కనిపించని పనిని ఎవరూ చేయరు, చేసినవాళ్లు అలసిపోతారు. పదోన్నతిలో పత్రాల సంఖ్యకు మార్కులున్నాయి, డిగ్రీ పొందిన విద్యార్థుల సంఖ్యకూ ఉన్నాయి. ఆ విద్యార్థులు తర్వాత సొంతంగా ఏం చేశారన్నది ఎవరూ అడగరు. మరో వాదన ఉంది, ‘వచ్చేవాళ్లలో చాలామంది ఫెలోషిప్ కోసమో, ఉద్యోగం దొరకకో వస్తున్నారు, వాళ్ల మీద శ్రమ వృథా’ అని. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37 వేల రూపాయలు. పాతికేళ్లు దాటిన మనిషి, ఇంటి బాధ్యతలున్న మనిషి ఆ డబ్బు గురించి ఆలోచిస్తే తప్పేముంది? ఏ కారణంతో చేరినా, తన ఫలితం తన చేతుల్లో మొదటిసారి తేలిన రోజున కలిగే సంతోషం మనిషిని మార్చగలదు. ఆ రోజు వచ్చేదాకా నిలబెట్టడమే గైడు చేయాల్సిన పని.

నిలబెట్టకపోతే ఏమవుతుందో లోహశాస్త్రం చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు. బర్మామైన్స్‌లోని ఆ లేబొరేటరీలో క్రీప్ పరీక్షలు చేస్తారు. ఉక్కు కడ్డీని కొలిమిలో ఎర్రటి వేడి దగ్గర ఉంచి, అది సులభంగా మోయగలిగిన బరువే వేలాడదీస్తారు. ఆ పరీక్షలు వేల గంటలు సాగుతాయి. విరగ్గొట్టేంత బరువు ఎక్కడా ఉండదు. అయినా కడ్డీ వెంట్రుకవాసి చొప్పున సాగుతూ పోతుంది, ఒకనాడు పుటుక్కున తెగుతుంది. విద్యార్థుల సంగతీ అంతే. బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో 3,659 మంది పీహెచ్‌డీ విద్యార్థులపై జరిగిన అధ్యయనం 2017లో అచ్చయింది. సగం మంది మానసిక వేదనలో ఉన్నారని, ముగ్గురిలో ఒకరు మానసిక వ్యాధికి గురయ్యే ముప్పులో ఉన్నారని తేలింది. ఉత్సాహపరిచి నడిపించే గైడు ఉన్నవారిలో ఈ ముప్పు తక్కువగా కనబడింది. మన దేశం వేరు, మన విద్యార్థుల కష్టాలు వేరు కావచ్చు. కానీ మన దగ్గర గైడు చేతిలో ఉన్న అధికారం అక్కడికంటే ఎక్కువే తప్ప తక్కువ కాదు. సంతకం ఆయనది, ఫెలోషిప్ కాగితం ఆయన టేబుల్ మీదిది, సినాప్సిస్ ఎప్పుడు పెట్టాలో చెప్పేదీ ఆయనే. ‘సార్‌కు కోపం వస్తుందేమో’ అన్న భయంతో ప్రశ్న మింగేసిన విద్యార్థి, రేపు ఏ శాస్త్రాన్ని ప్రశ్నిస్తాడు? గురువు పట్ల గౌరవం మన సంప్రదాయంలో గొప్ప సంగతి. ఆ గౌరవం పేరుతో బ్యాంకు పనులు, పిల్లల ట్యూషన్లు చేయించుకోవడం దాన్ని అవమానించడమే.

చేయాల్సినవి అసాధ్యమైనవేమీ కావు. కొత్తగా గైడు అయ్యేవారికి విశ్వవిద్యాలయం తప్పనిసరి శిక్షణ ఇవ్వాలి, మొదటి విద్యార్థిని అనుభవజ్ఞుడైన సహ గైడుతో కలిపి నడిపించనివ్వాలి. సలహా సంఘం సెమిస్టరుకోసారి కూర్చున్నప్పుడు గైడును బయటకు పంపి విద్యార్థితో పది నిమిషాలు విడిగా మాట్లాడాలి. గైడును మార్చుకునే దారి కాగితం మీదే కాకుండా, పరువు పోకుండా, ఏళ్లు వృథా కాకుండా నిజంగా తెరిచి ఉండాలి. మూడో ఏడు తిరిగేసరికి ప్రతి విద్యార్థీ తాను సొంతంగా ఎంచుకున్న ఒక చిన్న సమస్య మీద, గైడు పేరు లేకుండా, ఒక పత్రమైనా రాయగలగాలి. కొన్ని శాస్త్రాల్లో ఇది కష్టమే, అయినా ప్రయత్నించదగ్గది. పదోన్నతికి దరఖాస్తు చేసే గైడు తన దగ్గర చదివినవారు ఇప్పుడు ఎక్కడ ఏ పని చేస్తున్నారో కూడా రాయాలి.

యూజీసీ కదిలేదాకా ఆగలేనివాళ్లు ఉన్నారు. ఈ ఏడాది పీహెచ్‌డీలో చేరబోయే విద్యార్థులకు, టెల్కో కాలనీలో ఉన్నా తెనాలిలో ఉన్నా, ఒక విన్నపం. గైడును ఎంచుకునే ముందు ఆయన రాసిన పత్రాలు చదవండి. ఆ తర్వాత ఆయన దగ్గర డాక్టరేట్ పొందిన ఇద్దరి ఫోన్ నంబర్లు సంపాదించి, ‘వారానికి ఎన్నిసార్లు మాట్లాడేవారు? మీ అభిప్రాయం ఆయనతో విభేదించినప్పుడు ఏం జరిగింది?’ అని అడగండి. సీటు ఖాయం చేసుకునేది ఆ జవాబులు విన్నాకే.